రేకు అవతలి చప్పుడు

మా వాడకు బీరు కంటే ముందు బీరు సీసా వచ్చింది. ఈ మాట అన్నప్పుడల్లా మా అమ్మాయి నవ్వుతుంది గానీ, నేను హాస్యానికి అనడం లేదు. హైదరాబాదు పాతబస్తీలో, జహనుమాలో మా ఇంటికి కాస్త దూరంలో కల్లు కంపౌండు ఉండేది. ఎత్తయిన ప్రహరీ, లోపల రేకుల షెడ్డు, పొడుగాటి బల్లలు. కుండలోంచి ముంతలోకి వంచుకుని తాగే కాలం నేను పుట్టకముందే వెళ్లిపోయింది. నాకు ఊహ తెలిసేనాటికి అక్కడ కల్లు బీరు సీసాల్లోనే వచ్చేది. పట్నంలో ఎక్కడెక్కడో పెద్దవాళ్లు తాగి పక్కన పెట్టిన సీసాలు, పైన అంటించిన కాగితం ఊడిపోయి, కడుగుడు పడి, కడుపు నిండా కల్లు పోసుకుని మా దాకా వచ్చేవి. "దొరలు తాగి పారేసిన సీస మనకు, మనం తాగి పారేసింది మళ్లా మనకే" అనేవాడు మా బాపు. ఏ విషయమైనా ఒక ఎకసెక్కం ఆడనిదే ఆయనకు మింగుడుపడేది కాదు.

బాపు నయాపూల్ దగ్గర, కోర్టు వెనక గల్లీలో, టైపు మిషన్లు బాగుచేసే దుకాణంలో పనిచేసేవాడు. అమ్మ అదే దారిలో ఒక ప్రసూతి ఆస్పత్రిలో ఆయా. వారమంతా ఆయన చేతులకు సిరా మరకలు, ఆమె చేతులకు ఫినాయిల్ వాసన. ఆదివారం సాయంత్రం మాత్రం ఇద్దరూ స్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, అమ్మ కొప్పులో మల్లెపూలు తురుముకుని కంపౌండుకు బయల్దేరేవాళ్లు. ఆమె ముందు, ఆయన వెనక. పిల్లలం నానమ్మ దగ్గర ఉండిపోయేవాళ్లం. దీపాలు పెట్టే వేళకు ఇద్దరూ తిరిగొచ్చేవాళ్లు. తూలడం, అరవడం మా ఇంట్లో ఎరగం. పొరుగింటి వాళ్లు గుడికి వెళ్లొచ్చినట్టు మావాళ్లు కంపౌండుకు వెళ్లొచ్చేవాళ్లు, అంతే.

ఆడవాళ్లు కల్లు తాగడం మా దగ్గర వింత కాదు. నేను బస్సు డిపోలో మెకానిక్‌గా చేరిన కొత్తలో, కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చిన ఒక ఆఫీసరు ఈ సంగతి విని నోరు తెరిచాడు. గొంతు తగ్గించి, "మీ అమ్మగారు కూడా... పుచ్చుకుంటారా?" అని అడిగాడు. "పుచ్చుకోరు సార్, తాగుతరు" అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది. ఉండవలసిన చోటే ఉందని నేనంటాను. పురిటి మంచాల మధ్య వారమంతా నడుం వంచిన మనిషి ఆదివారం నాడు ఒక సీసా చల్లటి కల్లు తాగితే ఎవరి సొమ్మేం పోయింది?

కంపౌండులో ఆడవాళ్లకు వేరే వైపు ఉండేది. నడుమ పై దాకా రేకుల దడి. గేటు దగ్గర ఒక భాయ్ బండి పెట్టి బోటి, అంటే మేక పేగులు, వేయించేవాడు. నా ఈడువాడే; తండ్రి తర్వాత బండి అతని చేతికి వచ్చింది. ఐదు పూటలా నమాజు చేసే మనిషి, మందు చుక్క ముట్టి ఎరగడు. అయినా వాడలో తాగేవాళ్లందరి నంజుడు అతని పెనం మీదే తయారయ్యేది. "తాగేది మీ హిసాబ్, తినేది నా హిసాబ్. అల్లా కాడ ఎవనిది వాడు చెప్పుకోవాలె" అనేవాడు. రంజాన్ నెలలో అతను బండి ఎత్తేసి హలీం గుండిగ దగ్గర కూర్చునేవాడు. కంపౌండు జనం బోటి లేక ఉడికించిన శనగ గుడాలతో సరిపెట్టుకునేవాళ్లు. ఆ నెల వాళ్లకూ ఉపవాసమే అని బాపు నవ్వేవాడు.

మా తరానికి కల్లంటే నామోషీ. ప్యాంటు వేసుకుని, జేబులో దువ్వెన పెట్టుకుని కల్లు తాగుతామా? మాది బీరు. వైన్సులో వైన్ తప్ప అన్నీ దొరికేవి. కౌంటరు ముందరి జాలీలో చెయ్యి దూర్చి సీసా అందుకుంటే, దాన్ని ఉర్దూ పేపరులో చుట్టి నల్ల కవర్లో వేసి ఇచ్చేవాడు. ఆ చుట్టుడు చూసి అది పుస్తకమనుకునే అమాయకుడు పాతబస్తీలో ఒక్కడూ లేడు. అయినా అందరూ చుట్టించుకునేవాళ్లు. మా గల్లీలో కనపడకుండా తాగడమే మర్యాద; తాగుతున్నట్టు తెలిసినా చూడనట్టు ఉండడం ఇంకా పెద్ద మర్యాద. అలా పక్కపక్కనే, గొడవ లేకుండా బతికేశాం. తర్వాత చాంద్రాయణగుట్ట వైపు పర్మిట్ రూములు వచ్చాయి. డిపోలో డ్యూటీ దిగి నలుగురం అక్కడికి వెళ్లి, గోడ వారగా నిలబడి, ప్లాస్టిక్ గ్లాసుల్లో బీరు పోసుకుని, ఇంజన్ల గురించీ పైవాళ్ల గురించీ లొల్లి పెట్టుకుని ఇళ్లకు వెళ్లేవాళ్లం. ఇంటికి వెళ్లేముందు సోంపు నమలడం మాత్రం మరిచేవాణ్ణి కాదు.

సోంపు ఎందుకంటే మా ఆవిడ కోసం. ఆమె పుట్టిల్లు చాంద్రాయణగుట్ట. వాళ్ల నాన్న తాగి పోయాడు. ఆయన తాగింది చెట్టు కల్లు కాదు, మత్తుమందు కలిపిన కల్లు. ఒక పూట పడకపోతే చేతులు వణికేవట, గోడలతో మాట్లాడేవాడట. ఒక ఎండాకాలం మధ్యాహ్నం కంపౌండు గోడ పక్కన పడిపోతే ఎత్తుకొచ్చారు. అప్పటికి ఆమెకు ఇంకా పెళ్లి కాలేదు. అందుకని ఆమెకు నిండు సీసా అంటేనే రోత. నేను బీరు తాగి వస్తే తిట్టేది కాదు. కంచం పెట్టి మొహం చూడకుండా వెళ్లిపోయేది. దానికంటే తిట్టినా బాగుండేది. ఆమెది చాదస్తం అని నేను ఏనాడూ అనలేదు, ఇప్పుడూ అనను.

మధ్యలో కొన్నేళ్లు సర్కారు పట్నంలో కల్లు దుకాణాలు మూయించింది. ఆ రోజుల్లో అమ్మ, బాపు విధిలేక బీరుకు దిగారు. నేనే తెచ్చిపెట్టేవాణ్ణి. మొదటిసారి తాగిన రోజు అమ్మ మొహం అంతా ముడుచుకుని, "గిదేందిరా, యాపాకు కషాయానికి నురుగొచ్చినట్టున్నది" అంది. అయినా ఆదివారం ఆదివారమే. ఇద్దరూ డాబా ఎక్కేవాళ్లు. మెట్ల గదికి రేకు తలుపు ఉంటుంది. అమ్మ ఆ తలుపు లోపల గడప దగ్గర, బాపు బయట నీళ్ల ట్యాంకు నీడలో. కోడలున్న ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని తాగితే బాగుండదని అలా కూర్చుంటున్నారని అనుకున్నాను. అప్పుడప్పుడు కింద గదిలోకి టక్ టక్ మని చప్పుడు వినిపించేది. మూత తీసేముందు సీసా అడుగు తట్టే చాదస్తం తాగేవాళ్లందరికీ ఉండేదే. ఆ సమయానికి మా ఆవిడ కుట్టుపని చేత పట్టుకుని పక్కింటికి వెళ్లిపోయేది. అత్త మీద గౌరవం కొద్దీ నోరు విప్పేది కాదు. మళ్లీ కంపౌండు తెరిచాక, ఇద్దరూ కషాయం మానేసి సంతోషంగా కల్లుకు తిరిగి వెళ్లారు.

అమ్మ పోయి కొన్నేళ్లవుతోంది. జ్వరం అని పడుకుంది, ఆస్పత్రికి తీసుకెళ్లాం, తిరిగి రాలేదు. ఆ ఏడాదే కంపౌండు కూడా పోయింది. ఇప్పుడు అక్కడ ఫంక్షన్ హాలు. పెళ్లిళ్ల రోజుల్లో గోడ నిండా రంగు బల్బులు వెలుగుతాయి.

బాపు తాగడం మానేశాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. దినాలన్నీ అయిపోయిన తర్వాత వచ్చిన ఆదివారం నేను వరస తప్పకూడదని బీరు తెస్తే, చేత్తో పక్కకు జరిపి "ఒద్దురా" అన్నాడు. ఆ మాట మా ఆవిడకు ఊరట. నాకూ ఒక రకంగా గర్వమనిపించింది. పెళ్లాం మీది ప్రేమతో మందు మానేసిన మగవాళ్లు వాడకెంతమంది ఉంటారు? ఆయనకు మనసు లాగకుండా ఉండాలని ఇంట్లో సీసా అన్నది కనపడనివ్వలేదు. ఖాళీ సీసాలో కొత్తిమీర కట్ట పెట్టుకునే అలవాటున్న మా ఆవిడ దాన్ని కూడా తీసేసింది.

కానీ ప్రతి ఆదివారం సాయంత్రం ఆయన గడ్డం గీసుకునేవాడు. తెల్ల చొక్కా వేసుకునేవాడు. డాబా ఎక్కి, రేకు తలుపు వైపు మొహం పెట్టి కూర్చుని, చీకటి పడుతుంటే దిగొచ్చేవాడు. పోయినామెను తలుచుకుంటున్నాడు, ఒంటరిగా వదిలేద్దాం అనుకున్నాం. రాను రాను తిండి తగ్గింది. మాట తగ్గింది. టీవీలో ఎవరేం వాగినా ఒక్క ఎకసెక్కం లేదు. నాకు అది భరించరానిదయింది. మా బాపు మౌనంగా ఉండడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆయన ఒక్క గ్లాసు ముందు పెట్టుకుని, నన్నో సర్కారునో మనసారా తిడుతుంటే వినాలని ఉండేది. రిటైరయ్యాక నాకున్న కోరిక అదొక్కటే.

ఆ కోరిక మా అమ్మాయికి చెప్పాను. ఆమె హైటెక్ సిటీ వైపు ఉద్యోగం చేస్తుంది. "డాడీ, నీ రిటైర్మెంట్ పార్టీ నేనిస్తా. తాతను కూడా తీసుకొస్తా" అంది. మా ఆవిడ రానంది. మేం ముగ్గురం వెళ్లాం. అక్కడే బీరు కాచి అక్కడే పోసే చోటు అది. అద్దాల వెనక మనిషి ఎత్తు రాగి పాత్రలు తళతళలాడుతున్నాయి. గుళ్లో దేవుణ్ణి చూసినట్టు జనం వాటి ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు. వెయిటరు వచ్చి, నారింజ తొక్క వాసనది, కాఫీ వాసనది, తేనె వాసనది అని వరసగా చదివాడు.

బాపు అంతా విని, "బీరు వాసనది లేదా బిడ్డా?" అన్నాడు.

నాకు కడుపు నిండిపోయింది. ఎన్నాళ్లకు విన్నాను ఆ గొంతులో ఆ మెలిక! పని అయినట్టే అనుకున్నాను. గ్లాసులు వచ్చాయి. బాపు తన గ్లాసు అందుకున్నాడు. దాని అడుగుతో బల్ల మీద మెల్లగా రెండుసార్లు తట్టాడు. తట్టి, పక్కకు తిరిగి కాసేపు చూశాడు. అటు వైపు ఏముంది, గోడ. తర్వాత గ్లాసు కింద పెట్టాడు. మేం తింటున్నాం, మాట్లాడుతున్నాం. ఆయన గ్లాసులో నురుగు దిగిపోతోంది. అమ్మాయి బతిమాలితే, "మంచిగనే కనవడ్తున్నది బిడ్డా. గని ఒద్దు" అన్నాడు. చివరికి దాన్ని కూడా నేనే తాగాను. 

మర్నాడు బోటి భాయ్ దగ్గరికి వెళ్లాను. కంపౌండు పోయాక అతను చాంద్రాయణగుట్ట చౌరస్తాలో, ఫ్లైఓవర్ దగ్గర చిన్న హోటలు పెట్టుకున్నాడు. గల్లా పెట్టె దగ్గర కూర్చున్నా గరిటె చేతిలోంచి దిగదు. రాగి పాత్రల దగ్గర్నుంచి నారింజ తొక్క దాకా అంతా నవ్వుతూ చెప్పాను. బాపు బల్ల మీద తట్టిన సంగతి చెప్పేసరికి అతని నవ్వు ఆగిపోయింది.

"రెండుసార్లు కొట్టిండా అన్నా? కొట్టి పక్కకు జూసిండా?"

"ఆ. ఎందుకు?"

"అరె అల్లా! నీకు తెల్వదా? చాచా కొడుకువు, నీకే తెల్వదా?"

గరిటె పక్కన పెట్టి చెప్పుకొచ్చాడు. "గేటు కాడ బండి మీద నిలబడ్తే నాకు రెండు దిక్కులు కనవడ్తుండె. ఇటు మొగోళ్లు, అటు ఆడోళ్లు, నడిమిట్ల రేకు. చాచా సీస ముంగట పెట్టుకోని ఊకె కూసుంటుండె, ముట్టకపోతుండె. అటు దిక్కు చాచీ సీస వంచి అరచేతిల జర పోసుకోని, కింద సల్లి, మైసమ్మకు దండం పెట్టుకోని, సీసతోని రేకు మీద టక్ టక్ కొడ్తుండె. ఇటు దిక్కు చాచా గూడ టక్ టక్ కొట్టి, గప్పుడు షురూ చేస్తుండె."

సాక పోయడం నాకు తెలియనిది కాదు. అమ్మవారికి పోయకుండా మా దగ్గర ఎవరూ కల్లు ముట్టరు; ఎవరి సీసాకు వాళ్లు చల్లుకుంటారు. బాపు దేవుడి విషయంలో కాస్త మొండి. ఆయన వంతు కూడా అమ్మే చల్లేదన్నమాట.

"గదంత ఒకటి," అన్నాడు భాయ్. "అసల్ బాత్ ఇంకోటున్నది. జర సేపైనంక చాచీ మళ్లా టక్ టక్ కొడ్తుండె. గది ఇన్నడంటే చాచా లేస్తుండె. సీసల సగమున్నా సరే, దోస్తులు చెయ్యివట్టి గుంజినా సరే. లేసి, సీదా నా బండి కాడికొచ్చి, 'బోటి ఏమన్న ఉన్నదా బేటా' అంటుండె. రోజుకొక్కడు తాగి నా బండి మీద వడ్తుండె అన్నా. చాచా ఒక్కనాడు వడలే."

 అతను తెప్పించిన చాయ్ నా ముందే చల్లారింది. మా డాబా మీది చప్పుడు గుర్తుకొచ్చింది. సీసా అడుగు తడుతున్నారనుకున్నాను! ఆ చప్పుడు కింద ఎన్ని ఆదివారాలు పేపరు చదువుతూ కూర్చున్నానో.

ఇంత తేలికా, ఇక నాది కదా పని అనుకున్నాను. ఆ ఆదివారం మా ఆవిడ కళ్లబడకుండా ఒక బీరు తెచ్చి, బాపు డాబా ఎక్కగానే ఆయన ముందు పెట్టాను. నేను మెట్ల గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరికి వేసి, ఇంకో సీసాలోంచి నాలుగు చుక్కలు నేల మీద చల్లి, రేకు మీద ఠంగ్ ఠంగ్ మని కొట్టాను.

 అవతల నవ్వు మొదలైంది. పొరపోయి దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"ఎవర్రా అది? నువ్వా? బస్సుకు టైరు ఇప్పుతున్నట్టున్నది. గా సప్పుడుకు ఎవలికన్న తాగబుద్ధి అయితదారా?"

తలుపు తీసుకుని బయటికొచ్చాను. నవ్వు ఆగాక ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "భాయ్ చెప్పిండా?" అన్నాడు. తలూపాను.

"గట్లయితే నేను కొడ్త బాపు. ఆదివారం ఆదివారం నేనే కొడ్త. నువ్వు తాగు."

"షురూ చేసుడు ఎవలైనా చేస్తరురా. ఆపెటోళ్లు గావాలె."

"నేనే ఆపుత."

"నువ్వా? నీదే నీకు ఆగది. నీ జేబుల సోంపు వాసన నాకు రాదనుకున్నవా?"

తల దించుకున్నాను. ఆయన బీరు సీసాను నా వైపు జరిపాడు. తర్వాత ఆయన చెప్పింది నేను ఏనాడూ ఆయన నోట వినలేదు.

"మా అయ్య తాగి సచ్చిండు. పెండ్లైన కొత్తల నేను గూడ గదే తొవ్వ వట్టిన. మీ అమ్మ కొట్లాడలే, ఏడ్వలే. ఒక్కటే మాట చెప్పింది. నేను గూడ నీతోని వస్త, నేను కొట్టినంక షురూ జెయ్యి, మళ్లా కొడ్తే లేవాలె అన్నది. నన్ను ఆపుతందుకే ఆమె తాగుడు నేర్సింది. గా సప్పుడు మీదనే ఇన్నేండ్లు మనిషి లెక్క బతికిన. తాగబుద్ధి కాక ఒద్దంటున్న అనుకున్నరా? మస్తు అయితది. ఆదివారం వచ్చిందంటే నాలిక పీకుతది. గని ఎత్తితే యాడ ఆగుతనో నాకు ఎర్క లేదు. భయమైతది రా."

అమ్మకు కల్లంటే ఇష్టం అనుకుంటూ పెరిగాను. ఆఫీసరుతో అంత టెక్కుగా మాట్లాడాను.  వెనక్కి తిరిగితే మెట్ల మీద మా ఆవిడ నిలబడి ఉంది, చేతిలో ఆరిన బట్టలు తీసుకెళ్లడానికి ఖాళీ తట్ట. ఎంతసేపటి నుంచి ఉందో! నా చేతిలో సీసా, మా ఇద్దరి నడుమ ఇంకో సీసా. ఆమె రెండూ చూసింది. దిగి వెళ్లిపోయింది.

ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు చప్పుడు చేశాయి. మర్నాడు కూడా. ఆమెను ఫలానాది చెయ్యమని అడిగే మొహం నాకు లేదు. సీసా వల్ల తండ్రిని పోగొట్టుకున్న మనిషిని సీసా పట్టుకుని తలుపు అవతల కూర్చోమని ఎలా అడుగుతాను? బాపు కూడా అడిగే మనిషి కాదు. రెండు మూడు రోజుల తర్వాత, అన్నం వడ్డిస్తూ తనే అంది.

"అత్త నాకు గిదెప్పుడూ చెప్పలే."

"నాకు గూడ చెప్పలే" అన్నాను.

"మా అమ్మ గిట్ల కొడ్తే మా అయ్య లేస్తుండెనో లేదో" అని, నా కంచంలో ఇంకో గరిటె అన్నం పెట్టింది. "లేవకపోతుండె కావొచ్చు" అంది.

ఇంతలో బోనాలు వచ్చాయి. మా పాతబస్తీ బోనాలకు ఒక తమాషా ఉంది. అమ్మవారికి కల్లు సాక పోయాలి. పోలీసులేమో పండగని వైన్సులు, కల్లు దుకాణాలు అన్నీ బంద్ పెట్టిస్తారు. తల్లి గొంతు తడవాలి, పిల్లల గొంతు ఎండాలి. అందుకని ముందు రోజే జాగ్రత్త పడాలి. శనివారం నాడు నేను చాంద్రాయణగుట్ట దాటి, ఇంకా ఈత చెట్లు మిగిలిన వైపు వెళ్లి, కల్లు గీసే ఆయన దగ్గర రెండు సీసాలు తెచ్చాను. బీరు సీసాలే. అవి ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి.

ఆదివారం మా ఆవిడ పసుపు రాసిన బోనం కుండ నెత్తిన పెట్టుకుని, పైన దీపం, చుట్టూ వేపాకులు, గల్లీ చివర మైసమ్మ గుడికి నడిచింది. నేను కల్లు సీసాలు పట్టుకుని వెనక నడిచాను. ఒక సీసా ఆమె అమ్మవారి ముందు సాక పోసింది. రెండో సీసా ఏటా గుడి దగ్గర కూర్చునే ముసలామెకు ఇచ్చేస్తుంది; మళ్లీ ఇంటికి తేనివ్వదు. ఈసారి ముసలామె చెయ్యి చాపింది. మా ఆవిడ ఆమె చేతిలో కొబ్బరి చిప్ప, బెల్లం పెట్టి, సీసాను కొంగు కిందికి తీసుకుంది. నేను చూడనట్టు నడిచాను. మా గల్లీ మర్యాద నాకూ తెలుసు.

సాయంత్రమైంది. బాపు గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా వేసుకుని డాబా ఎక్కాడు. కాసేపటికి మా ఆవిడ ఎక్కింది. పండగ చీర, కాళ్లకు పసుపు ఇంకా అలాగే ఉన్నాయి. ఆమె ఒక చేతిలో నిండు సీసా, ఇంకో చేతిలో అడుగున కాస్త కల్లు ఉంచిన పాత సీసా. ఆ పాత సీసా కొత్తిమీర కట్ట పెట్టుకునేది; ఇన్నాళ్లు ఎక్కడ దాచిందో! నేను కింది మెట్ల మీదే ఆగిపోయాను. ఆమె నిండు సీసాను బాపు పక్కన పెట్టి, వెనక్కి వచ్చి, మెట్ల గదిలో గడప దగ్గర కూర్చుని రేకు తలుపు దగ్గరికి వేసింది. తలుపు సందులోంచి ఆయన నాకు కనిపిస్తున్నాడు.

ఆమె సీసా వంచి అరచేతిలో కల్లు పోసుకుంది. ఆ వాసనకు మొహం పక్కకు తిప్పుకోవడం చూశాను.  అయినా నేల మీద చల్లి, కళ్లు మూసుకుని దండం పెట్టింది. సీసాతో రేకు మీద మెల్లగా రెండు దెబ్బలు కొట్టింది.

బాపు కదల్లేదు. ఫంక్షన్ హాలు వైపు నుంచి డప్పుల చప్పుడు వస్తోంది. అందులో ఆయనకు వినపడిందో లేదో అనుకున్నాను. అప్పుడు ఆయన చెయ్యి చాపి సీసా అందుకున్నాడు. దాని అడుగుతో ట్యాంకు గోడ మీద రెండుసార్లు కొట్టాడు. ఎత్తి తాగాడు.

"నిన్నటి కల్లా బిడ్డా? పులిసింది" అన్నాడు తలుపు వైపు చూసి.

"ఇయ్యాల బంద్ గద మామా" అంది ఆమె లోపలి నుంచి.

"వాళ్ల బంద్ పాడుగాను. తల్లి పండగ పూట తల్లికే నిన్నటిది తాపిచ్చిన్రు" అని మొదలుపెట్టాడు. పోలీసులను తిట్టాడు, సర్కారును తిట్టాడు, ఫంక్షన్ హాలు కట్టినవాణ్ణి తిట్టాడు, నారింజ తొక్క బీరు కాచినవాణ్ణి ప్రత్యేకంగా తిట్టాడు. చివరికి నన్ను కూడా. నేను మెట్ల మీద కూర్చుని వింటూ, సంతోషం పట్టలేక ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఆమె గోడకు ఆనుకుని, పాత సీసా ఒళ్లో పెట్టుకుని, ఆ తిట్లన్నీ విన్నది. నేనున్న సంగతి ఆమెకు తెలుసు. నా వైపు చూడలేదు.

ఎండ ట్యాంకు మీద నుంచి దిగిపోయింది. బాపు గొంతు పెరిగింది, మాట కాస్త సాగింది. ఆమె చెవి ఒగ్గి వింది. సీసా ఎత్తి, రేకు మీద మళ్లీ రెండు దెబ్బలు కొట్టింది. ఈసారి మెల్లగా కాదు.

బాపు మాట మధ్యలో ఆగిపోయింది. చేతిలో సీసా వైపు చూసుకున్నాడు. అందులో ఇంకా సగం ఉంది. దాన్ని గోడ పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులాన్చి, లేచి నిలబడ్డాడు.

"బోటి ఏమన్న ఉన్నదా బిడ్డా?" అన్నాడు.